బొడ్డు కనిపించే కవచం

ఒసాకాలోని మా కంపెనీలో ముప్పై ఏళ్లనాటి రాక్షసయుద్ధాల వీడియో గేమ్‌ను మళ్లీ తయారుచేస్తున్నాం. అందులో కత్తి పట్టే యువరాణికి కవచం గీసే పని నాది. పాత కవచాలు గీసిన కుజుహారా గారికి నా బొమ్మ చూపించాను.

ఆయన పెన్సిల్ మొనను ఆమె బొడ్డు మీద ఆనించారు. "బాణం ఇక్కడ తగిలితేనో?"

"మీ పాత పద్ధతే కదా గురువుగారూ. అప్పట్లో మీరూ ఇలాగే గీశారు."

"గీశాను. మా అమ్మాయి చూసి, 'ఈవిడకి చలెయ్యదా నాన్నా' అంది. అందుకే ఈసారి ఈ పని ఆడపిల్లకే ఇమ్మని పట్టుబట్టాను."

నేను తల దించుకున్నాను. మొదట నేను గీసింది నిండు కవచమే. ఆయనకు నచ్చదేమోనని నిన్న చించేశాను.