సొరుగులో నాడి

"రెండేళ్లు దాటితే స్మార్ట్‌వాచ్ ముసలిదైపోయినట్టే బావా," అని బావమరిది పోరు. చెడిపోయేదాకా మార్చొద్దని భార్య పోరు. ఛార్జింగ్ సాయంత్రం దాకా కూడా నిలవడం లేదని టైలరు చివరికి కొత్తది కొన్నాడు. పాతదాన్ని తన కుట్టుషాపు సొరుగులో పడేశాడు.

ఆ రాత్రి కుట్టుమిషను ఆపగానే సొరుగులో ఏదో సన్నగా గురగురలాడింది. తెరిస్తే దారపు రీళ్ల మధ్య పాత వాచీ వెలుగుతోంది. దాని తెర మీద గుండె బొమ్మ కొట్టుకుంటోంది, పక్కన డెబ్బై రెండు అని అంకె. అతనికి ఒళ్లు జలదరించింది. అంకె తొంభై అయింది.

చేతికున్న కొత్త వాచీ చూసుకున్నాడు. 'నాడి అందడం లేదు' అని ఉంది. పట్టీ బిగించినా అదే మాట. మణికట్టు మీద వేళ్లు ఆనించి చాలాసేపు చూశాడు. వేళ్లకూ అందలేదు.

భార్యకి ఫోన్ చేశాడు.

"కొత్తది పనిచేయడం లేదే."

"నేను చెబితే విన్నారా? పాతదే పెట్టుకుని వచ్చెయ్యండి."

పాతదాన్ని చేతిలోకి తీసుకున్నాడు. గోరువెచ్చగా ఉంది. గుండె బొమ్మ పైన బ్యాటరీ గుర్తు ఎర్రబడింది.

"దీని ఛార్జరు ఎక్కడుంది?"

"పొద్దున చెత్తబండిలో వేశాను. మీరేగా, ఇంక దాంతో పనేముంది అన్నారు."