రాని సంఖ్యల జాగా

బొగ్గుగనుల ఊరు ఘుగ్గుస్‌లో పల్లవి మేడం నడిపే బడిలో మూడో తరగతికి ఇక ఒక్క సీటే మిగిలింది.

దానికోసం పోశన్న అనే ముసలాయన మనవరాలు అక్షితను వెంటబెట్టుకొని వచ్చాడు. ఇక్కడ దొరక్కపోతే పిల్లను వరోరా హాస్టల్లో వదిలి రావాలట.

అతని చొక్కా మాసి ఉంది. మేడంకు మిగతా వివరాలు అక్కర్లేకపోయాయి. కూర్చోమని కూడా అనలేదు.

సంఖ్యలు రాసిన ఆరు అట్టముక్కలు పిల్ల ముందు బల్ల మీద పడేసి, చిన్నదాని నుంచి పెద్దదాని వరకు పేర్చమంది.

అక్షిత 205, 206 పెట్టింది. కొంచెం జాగా వదిలింది. 208, 209 పెట్టింది. మళ్లీ జాగా వదిలి 211, 212 పెట్టింది.

"నడుమ ఈ సందులేంది?" మేడం కసిరింది.

"రెండొందల ఏడు రాలే. రెండొందల పది గూడ రాలే," అంది పిల్ల.

"నేనియ్యంది ఎట్లొస్తది? ఉన్నయి పేర్చుమన్న. రానిదాని సంగతి నీకెందుకు?"

పోశన్న అడ్డుపడ్డాడు. "నేనే నేర్పిన మేడం. ఏది చిన్నదో ఏది పెద్దదో ఎవలైన జెప్తరు. ఏది రాలేదో గూడ చూడాలె."

మాసిన చొక్కావాడు తనకు లెక్కలు చెప్పడమా అని మేడంకు ఒళ్లు మండింది. పిచ్చి చదువులు నేర్పి పిల్లను చెడగొట్టావని నలుగురూ వినేలా తిట్టింది. అతను బతిమాలుతుండగానే ఫారం చింపేసి, వెనక నిలబడ్డ కాంట్రాక్టరు కొడుక్కి సీటు రాసేసింది. ప్యూను ఇద్దరినీ గేటు దాటించాడు. పిల్ల ఏడుస్తూ పోయింది.

మధ్యాహ్నం మేడంకు టిఫిన్ డబ్బా తెచ్చిన ఆమె తండ్రి గట్టయ్య బల్ల దగ్గరే ఆగిపోయాడు. అట్టముక్కలు ఇంకా అలాగే ఉన్నాయి.

"గిట్ల పేర్చిందెవలు బిడ్డా?"

పల్లవి నవ్వుతూ జరిగిందంతా చెప్పింది. పోశన్న పేరు వినగానే గట్టయ్య గేటు వైపు ఉరికాడు. రోడ్డు మీద బొగ్గు లారీలు తప్ప ఎవరూ లేరు.

తిరిగొచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"ఏమైంది బాపూ?"

"బొగ్గుబాయిల కప్పు కూలిన నాడు అందరు పైకొచ్చిండ్రన్నరు. పోశన్న ఒక్కడే ఒప్పుకోలే. దిగేటప్పుడు తీస్కొని పైకొచ్చినంక వాపసిచ్చే నంబరు బిళ్ళలు వరుసగ పేర్చిండు. ఒక్క జాగ ఖాళీ ఉంచి, ఒక మనిషి లోపల్నే ఉన్నడని అందరితోని కొట్లాడిండు. అటెన్క బదిలీ మీద పోయిండు. ఆయన కోసం ఇన్నేండ్లు దేవులాడిన."

గట్టయ్య అట్టముక్కల నడుమ ఖాళీ మీద వేలు పెట్టాడు.

"ఆ రాని బిళ్ళ నాది బిడ్డా. అప్పటికి నువ్వింకా పుట్టలే."