ఆడపడుచు ఇంటి ముందు ఆగే కారు

“దుకాణం నుంచి వస్తుంటే ఈ పాత కారు రోజూ ఈయన అక్క ఇంటి ముందే ఆగుతుంది. ఆవిడకీ నాకూ పడదని తెలిసీ కావాలనే ఆపుతున్నారు,” అంది భార్య మెకానిక్‌తో.

“ఒట్టు, నేను ఆపలేదు,” అన్నాడు భర్త.

ఇంజన్ వేడెక్కి ఆగిపోయేదాకా మెకానిక్ కాచుకున్నాడు. ఇంజన్ తిరుగుడు కనిపెట్టే క్రాంక్ సెన్సర్ మీద నీళ్లు చల్లాక మళ్లీ స్టార్టయింది.

“ఆయన తప్పేం లేదమ్మా. దుకాణం నుంచి ఆ ఇంటి దాకా వచ్చేసరికి, సరిగ్గా ఇరవై నిమిషాలకి ఈ సెన్సర్ వేడెక్కి పడుకుంటోంది. చల్లారడానికి అరగంట. కొత్తది వేస్తే ఇక ఆగదు.”

భర్త కాలరు సర్దుకుని కొత్త సెన్సర్ కొనడానికి వెళ్లాడు. అతను మలుపు తిరిగేదాకా చూసి ఆమె మెకానిక్ వైపు తిరిగింది.

“తెచ్చింది సరిపోలేదని చెప్పన్నా. మంచినీళ్ల వంకతో ఆ అరగంటా వదిన దగ్గరే కూర్చుంటున్నా. నిన్న ఆవిడ కాస్త నవ్వబోయేసరికి ఈ పాడు కారు స్టార్టయింది.”