రెండో భాగం కోసం

పంజాగుట్ట వెనక సందులో, మూడో అంతస్తు తలుపు ముందు నరేశ్ చాలాసేపు నిలబడ్డాడు. బెల్ మీద వేలు పెట్టడం, తీసెయ్యడం.

అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులు చెప్పడం అతని ఉద్యోగం. ఉండేది హాస్టల్లో. అక్కడ పాఠాలు సైతం జిరాక్సులే, అసలు పుస్తకం కొన్నవాణ్ని వింతగా చూస్తారు. 'హొర్ముజ్ గుర్రాలు' నవల కూడా అతనికి పీడీఎఫ్‌గానే చేరింది. ఎవరో ఫోన్‌తో ప్రతి పేజీకీ ఫొటో తీసి గ్రూపులో పడేశారు. పేజీ అంచున ఆ దొంగ బొటనవేలు కూడా పడింది. గోరు నిలువునా చీలి ఉంది. నరేశ్ ఆ వేలికి దండం పెట్టుకునే చదివాడు.

ఎక్కడి ఓరుగల్లు, ఎక్కడి పారశీకపు హొర్ముజ్ రేవు! ఒకే కుటుంబం, ఎన్నో తరాలు, ఎన్నో రాజ్యాలు. మొదటి భాగం చివర గుర్రాల వర్తకుడి కూతురు తుఫానులో ఓడ మీద మిగిలిపోయింది. బతికిందా, లేదా? అది తెలియక అన్నం సహించడం లేదు. కానీ దొంగతనంగా చదివినవాడు ఏ మొహంతో అడుగుతాడు?

చివరికి బెల్ నొక్కాడు. తలుపు తీసింది ఆ నవల రచయిత విజయేందరే. రిటైరైన చరిత్ర లెక్చరర్.

"రెండో భాగం ఎప్పుడొస్తది సార్?"

"రాస్తలేను బిడ్డా," అన్నాడాయన, లోపల కూర్చోబెట్టి. "మొదటిదే మంచం కింద కట్టలు కట్టలుగ ఉన్నది. ఎవ్వరు చదవనిది ఎందుకు రాయాలె? ఇంతకు నువ్వు యాడ కొన్నవ్?"

నరేశ్ తల వంచుకున్నాడు. అబద్ధం నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"కొనలే సార్. దొంగ పీడీఎఫ్. నేనొక్కన్నే కాదు, మా హాస్టలంత చదివింది. తప్పయింది సార్."

పెద్దాయన నాలుగు తిడితే బాగుండుననిపించింది. ఆయన తిట్టలేదు.

"హాస్టలంతనా?"

"అవును సార్."

"పేజీలు సాఫ్‌గ కనవడ్డయా?"

ఇదేం ప్రశ్నో నరేశ్‌కు అర్థం కాలేదు. "కనవడ్డయి సార్," అన్నాడు నేల చూస్తూ. "ఇప్పుడు కొనుక్కుంట. ఒక కాపీ మీద సంతకం పెట్టియ్యిన్రి."

విజయేందర్ వంగి మంచం కింద నుంచి ఒకటి లాగాడు. దుమ్ము దులిపి టీపాయ్ మీద తెరిచాడు.

"రాస్తతియ్, రెండోది," అన్నాడు మెల్లగా. ఎందుకో ఆయనా తలెత్తలేదు.

నరేశ్ పుస్తకం వైపు చూశాడు.

సంతకం పెడుతుంటే కదలకుండా పేజీ అంచును నొక్కిపట్టిన ఆయన ఎడమ బొటనవేలి గోరు నిలువునా చీలి ఉంది.