ఎవరిదీ కాని మట్టి

"మీకు సీసం ఎంత తేలింది? నాలుగొందల పదా? మాకు మూడొందల డెబ్బై. పోన్లే, మేమూ నాలుగొందల దగ్గరే రాసేస్తాం." పక్క ఊరి ల్యాబ్‌తో మాట్లాడి ఇంజనీరు ఉర్కీసో ఫోన్ పెట్టేశాడు. పాస్కో సీసం గనుల దగ్గర మట్టి పరీక్షించే ల్యాబ్ అతనిది.

గొర్రెలు కాసే ఎపిఫానియా అవ్వ బల్ల ముందే నిలబడి ఉంది. "ఎవరి మట్టి నాయనా అది?"

"ఎవరిదీ కాదవ్వా. మేం సరిగ్గా కొలుస్తున్నామా అని ఏటా అన్ని ల్యాబులకీ ఒకే మట్టి పొడి పంపుతారు. లెక్క తప్పితే మా గుర్తింపు పోతుంది. అందుకే ఆరుసార్లు చేశాం."

"ఎవరిదీ కాని మట్టికి ఇన్ని రాజమర్యాదలా! మా పెరటి మట్టి ఎన్నిసార్లు చేశారు?"

"ఒక్కసారి. సీసం లేదని కాగితం కూడా ఇచ్చాంగా."

"అది తప్పయితే?"

"తప్పెందుకవుతుంది? మా ల్యాబ్‌కి ఏటా మంచి మార్కులే."

అవ్వ మూట విప్పి ఆసుపత్రి కాగితం బల్లమీద పెట్టింది. "ఆ పెరట్లో ఆడుకునే మా మనవరాలి రక్తంలో సీసం ఉందంట."

ఇంజనీరు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఒక్కసారి చేసిన పరీక్షేగా అవ్వా, దీన్నెలా నమ్ముతాం?" అన్నాడు. అన్నాక, తన మాట తనకే వినబడింది.