దారం కొలత

చోటే మియా చేతిలో మిగిలినవి మూడే: అద్దాలు అరగదీసే పాత చక్రం, తండ్రి నేర్పిన దారం కొలత, దుకాణానికి వచ్చిన గిరాకీని చూడగానే వాళ్ల పనేమిటో చెప్పగలనన్న గర్వం.

మొదటి రెండింటికీ నల్గొండలో విలువ పడిపోయింది. ఎదురుగా ఏసీ కళ్లద్దాల దుకాణం తెరిచాక, ఆయన గడప తొక్కేది మగ్గం నేసేవాళ్లు మాత్రమే.

“ఆ చక్రం పాత సామానోనికి ఏసి, జాగా మొబైల్ షాపోళ్లకు కిరాయికియ్యి,” అని భార్య జాహేదా రోజూ పోరేది.

ఆ గురువారం ఒక పెద్దావిడ లోపలికి వచ్చింది. నూలు చీర, తెల్లబడ్డ జుట్టు, చేతిలో నాలుగు జతల కళ్లద్దాలు.

“ఇవన్ని హైదరాబాద్‌ల చేయించిన భాయ్. నాలుగూ దండుగే. సోమవారం నాకు కండ్ల పరీక్ష. పాసైతేనే పని, లేకుంటే ఇంట్ల కూసునుడే.”

“ఏమైతాంది?”

“చెయ్యి చాపినంత దూరంల ఉన్నది మసక. నెత్తి మీద ఉన్నది చూడాల్నంటే మెడ ఇరగ్గొట్టుకోవాలె. తల తిరుగుతాంది.”

చోటే మియా ముఖం వెలిగింది. మగ్గం మీద చేతి దూరంలో బట్ట, నెత్తి మీద డిజైన్లు ఎత్తే జకార్డు పెట్టె. ఇంకేం చెప్పాలి?

“నేతోళ్ల ఊరేది అక్కా, పుట్టపాకనా, గట్టుప్పలా?”

“పుట్టపాకే. మా నాయిన నలభై ఏండ్లు నేసిండు. మీ బాపు చేసిన అద్దాలే పెట్టుకునేటోడు. అందుకే వచ్చిన. కాని నేను...”

“చెప్పకక్కా! మగ్గం మనిషిని నడకల గుర్తువడుత. వయసెంత?”

“అరవై రెండు.”

“ఇగ చాలు గదా? పిల్లలకు అప్పజెప్పి సల్లగ కూసో.”

“ఇంకా మూడేండ్లుంది భాయ్.”

చీటీ మీద పేరు రాయించాడు. శ్యామలమ్మ.

ఎదుటి దుకాణంలో అందరి చేతికీ పేపరిచ్చి చదవమంటారు. మగ్గం మీద ఎవరూ పేపరు చదవరు. అందుకే చోటే మియా స్టూలు వేసి, తండ్రి అన్న మాటే అన్నాడు.

“పనికి కూసున్నట్టు కూసో.”

ఆమె కూర్చుంది. రెండు పాదాలు కనబడని పెడళ్ల మీద పెట్టినట్టు చాపింది. ఎడమ చెయ్యి దేన్నో పట్టుకుంది. కుడి చెయ్యి ముందుకు చాపి, తర్వాత నెత్తి మీదికి ఎత్తింది.

ముక్కు మొదలు నుంచి వేలి కొస దాకా దారం లాగి ముడి వేశాడు. పైకి లాగి ఇంకో ముడి.

“అద్దంల దగ్గరి చూపుకు కింద ఒక తునక, పైన ఒక తునక. మరి మధ్యల?”

“దూరం కనవడాలె.”

“ఎంత దూరం?”

“కనవడినంత.”

“మగ్గం మీద కూసోని హైదరాబాద్ చూస్తవా అక్కా?”

లోపల జాహేదా పకపకా నవ్వింది.

“ఒక్కోసారి కానొస్తది,” అంది శ్యామలమ్మ.

మందం కాడల ఫ్రేము చూపిస్తే తల ఊపింది.

“కాడలు సన్నగుండాలె. చెవుల మీద ఇంకోటి పెట్టుకుంట. మందముంటే నొక్కుకుంటది.”

మరమగ్గాల చప్పుడు మామూలుదా, చెవులు మూసుకోక తప్పుతుందా? చోటే మియా ఆకురాయితో తనే కాడలు సన్నగా అరగదీశాడు.

మెరుపు కోసే చలువ అద్దం చూపిస్తే అదీ వద్దంది.

“అది పెట్టుకుంటే ముందట ఉన్న తెర నల్లగైతది. ఎండకు ఉత్త బూడిద రంగుది ఒకటి చాలు. తెల్లవి రెండు జతలు. ఒకటి పోతే ఇంకోటి పక్కనుండాలె, అది మా రూలు.”

మగ్గాలకు కంప్యూటర్ తెరలు కూడా వచ్చాయి మరి.

“మగ్గానికి రూలు పెట్టిన సేటెవడక్కా?”

“చాన కచ్చితమైనోడు.”

శనివారం మొదటి జత తయారైంది. ఆమె పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది. పైకి చూసేటప్పుడు మెడ కొద్దిగా ఎత్తింది.

చోటే మియాకు అది చాలు. అద్దాలు ఊడదీసి పక్కన పడేశాడు.

“రేపు రా అక్కా.”

“రేపు ఐతారం గదా? దుకాణం బంద్ ఉండదా?”

“నీ పరీక్ష సోమవారం గదా?”

అదనంగా తెప్పించిన అద్దాలు మళ్లీ చక్రం ఎక్కాయి. ఈసారి పై తునక ఒక నూలు పోగంత పైకి జరిగింది.

ఆదివారం శ్యామలమ్మ అదే స్టూలు మీద, అదే తీరుగా కూర్చుంది. మెడ కదలలేదు. కళ్లు మాత్రమే పైకి, కిందికి, దూరంగా పోయి వచ్చాయి.

“భాయ్!” అంది. అద్దాలు తీసి, కొంగుతో తుడిచి మళ్లీ పెట్టుకుంది.

“పాసైతవు పో. కాని మగ్గం కాడ ఎత్తు పీట మీద పైలం. గీ వయసుల కింద పడితే బొక్క అతుకది.”

“పడను భాయ్. మాట.”

నెల తిరగకముందే ఇస్త్రీ చొక్కా యువకుడొకడు కారు దిగి వచ్చాడు.

“శ్యామల మేడంకు అద్దాలు చేసింది మీరేనా చాచా? పరీక్షల ఒక్క అక్షరం తప్పలేదు మేడం. ఆ డాక్టరే అద్దాలు అడిగి తీస్కొని, తిప్పి తిప్పి చూసిండట. నాకూ గవే కావాలె. నా వెనక ఇంకో పదకొండు మంది వస్తరు.”

జాహేదా లోపలి నుంచి తనే స్టూలు తెచ్చి వేసింది. కిరాయి మాట ఎత్తలేదు.

చోటే మియా దారం తీశాడు.

“పనికి కూసున్నట్టు కూసో బేటా. ఏ ఊరి మగ్గం?”

“మగ్గమేంది చాచా?” యువకుడు వింతగా చూసి, బయట మబ్బుల కింద మెరుస్తూ పోతున్న దాన్ని వేలితో చూపించాడు.

చోటే మియా చేతిలోని మూడింటిలో చక్రం నిలిచింది, దారం నిలిచింది. నూట ఎనభై మందిని ఎక్కించుకుని ఎగిరే విమానం కెప్టెన్‌కు, పీట మీద నుంచి పడొద్దని బుద్ధి చెప్పిన ఆ గర్వం ఒక్కటే పోయింది.