మోసేవాళ్ళ సంగతి

“అమ్మా, అది ముట్టుకోకూడదు!”

డిజైనర్ కేక వేసేసరికే ఆవిడ క్రీడాజ్యోతి కాగడాను చేతిలోకి తీసేసుకుంది.

అరవై దాటిన మనిషి. నెరిసిన జుట్టు, కాన్వాసు బూట్లు. క్రీడల సంఘం రాసిచ్చిన చీటీ పట్టుకుని వచ్చింది. వర్క్‌షాపు చూసిపోయేవాళ్ళు రోజూ ఎవరో ఒకరు ఉంటారు కదా అని అతను అది చదవనైనా లేదు.

“ఇది రెక్క విప్పిన పక్షి. రెక్క మీద ఒక్కో గీత ఒక్కో దేశం. అందరూ కలిస్తేనే ఎగరగలరని అర్థం,” అన్నాడు.

ఏడాది కష్టం. గొంతులో ఆ గర్వం దాగలేదు.

“బాగుంది బాబూ,” అంటూనే ఆవిడ కాగడా ఎత్తిపట్టి పెరట్లోకి పరుగందుకుంది.

అతను గాభరాగా గుమ్మం దాకా వచ్చాడు.

రెండు చుట్లు తిరిగొచ్చి, కాగడాను జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది.

“తల బరువెక్కువ. కాసేపటికి మణికట్టు వాలిపోతోంది.”

“రెక్క తగ్గిస్తే దూరానికి కనబడదమ్మా. కోట్లమంది చూస్తారు.”

“చూసేవాళ్ళకి బాగానే చేశావు. మరి మోసేవాళ్ళ సంగతి?”

అతనికి ఒళ్ళు మండింది.

“పాతికేళ్ళుగా ఇదే పనిలో ఉన్నాను. ఇప్పుడు మీరు నేర్పాలా?”

ఆవిడ నొచ్చుకోలేదు. నవ్వేసి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే అతనే కాగడా పట్టుకుని పరిగెత్తి చూశాడు. మూడో చుట్టుకి పక్షి ముక్కు నేల చూసింది.

నెల రోజులు తంటాలుపడి రెక్కను పల్చటి రేకుతో మళ్ళీ చేశాడు. మంటకి గ్యాసందించే సీసాను తల దగ్గర్నుంచి పిడిలోకి దించాడు. ఈసారి కాగడా చేతిలో ఒదిగిపోయింది.

“ఇంతకీ ఆవిడెవరు?” అనడిగింది భార్య.

“పేరైనా అడగలేదే,” అన్నాడు తల దించుకుని.

ప్రారంభోత్సవం రోజున స్టేడియం కిక్కిరిసిపోయింది. కాగడాతో చివరి చుట్టు ఎవరిదో ఆఖరి నిమిషం దాకా రహస్యం.

గేటు తెరుచుకుంది.

నెరిసిన జుట్టు. తొణకని పరుగు. గాలికి మంట ఊగింది గానీ, చెయ్యి వాలలేదు.

“ఆవిడే!” అంటూ డిజైనర్ పక్కనున్న తన భార్య చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

జనమంతా లేచి నిలబడుతుంటే మైకు పలికింది: “నలభై నాలుగేళ్ళ కిందట, ఈ క్రీడల్లో మన దేశం తరఫున పరిగెత్తిన మొట్టమొదటి ఆడపిల్ల!”